యాభై ఏడేళ్లకు మంచుకొండ ఎక్కిన యానీ

మా అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఓ కబురు చల్లగా చెవిన వేసింది. జూన్‌లో పెరూ దేశం వెళ్తోందట. అక్కడ ఆండీస్ పర్వతాల్లో హువాస్కరాన్ అనే నేషనల్ పార్కు ఉందట. అందులో పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే నడక ఒకటి ఉందట. దానికి నన్ను కూడా రమ్మంది.

నాకు యాభై ఏడు నిండాయి. గోదావరిఖనిలో కాపురం పెట్టి ముప్పై మూడేళ్లు. ఈ ముప్పై మూడేళ్లలో నేనెక్కిన పెద్ద ఎత్తు అంటే వేములవాడ గుడి మెట్లూ, తిరుమల కొండ మెట్లూనే. మా ఊరు సముద్రానికి రెండొందల మీటర్ల ఎత్తయినా ఉండదు. పిల్ల చెప్పే చెరువు 4,600 మీటర్ల మీద ఉంది. ఇంట్లో అందరూ ఒక్కమాటగా వద్దన్నారు. మా ఆడపడుచైతే ఈ వయసులో ఇదేం సరదా అని ముఖమ్మీదే అనేసింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

అప్పుడే ఆ పార్కు గురించి మా అమ్మాయి ఇచ్చిన కాగితాలు తిరగేస్తుంటే ఓ పేరు కనబడింది. యానీ స్మిత్ పెక్. హువాస్కరాన్ ఉత్తర శిఖరం మీద మొట్టమొదట కాలు పెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. 1908 సెప్టెంబర్ 2వ తేదీన. అప్పటికి ఆమె వయసెంతో తెలుసా? మరో ఏడు వారాలైతే యాభై ఎనిమిది!

ఇక ఆగుతానా! దొరికిందల్లా చదివాను. చదివిన కొద్దీ ఆమె మీద గౌరవం పెరిగింది. కొన్ని చోట్ల కోపమూ వచ్చింది. రెండూ మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

అన్నలకున్న చదువు నాకెందుకు లేదు?

యానీ 1850 అక్టోబర్ 19న అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో పుట్టింది. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి లా చదివినవాడు. కలిగిన కుటుంబమే. ఇంట్లో మగపిల్లలతో సమానంగా ఆడుతూ, వాళ్లతో పోటీపడుతూ పెరిగింది. ఆటల్లో పోటీ పడనిచ్చారు గానీ చదువు దగ్గరకొచ్చేసరికి గీత గీశారు. ఆ ఊళ్లోనే ఉన్న బ్రౌన్ యూనివర్సిటీలో తండ్రి చదివాడు, అన్నలు చదివారు. యానీని మాత్రం ఆడపిల్లవని చేర్చుకోలేదు.

సరే, ఆడపిల్లలకు అప్పట్లో ఉన్న దారి టీచరు ట్రైనింగు. అది 1872లో పూర్తిచేసి బడిపంతులమ్మ అయింది. అక్కడితో సర్దుకుపోయేదే అయితే ఈ కథే లేదు. మిషిగన్ యూనివర్సిటీ ఆడవాళ్లకు తలుపులు తెరిచిందని తెలిసి, తానూ వెళ్తానని పట్టుబట్టింది. డిగ్రీ చేతికొచ్చేసరికి ఇరవై ఏడేళ్లొస్తాయి, అప్పుడు ఆ చదువు దేనికని తండ్రి అడ్డు చెప్పాడు. కొడుకులకు ఒక న్యాయం, కూతురికి ఒక న్యాయమా అని ఆమె నిలదీసింది. చివరకు తండ్రే తలొగ్గాడు. 1874లో చేరి, 1878లో డిగ్రీ పుచ్చుకుంది. గ్రీకు భాషలో మంచి పేరు తెచ్చుకుంది. 1881లో ఎమ్మే కూడా అయింది.

ఆ తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో లాటిన్ చెప్పింది. అమెరికాలో ఒక ఆడమనిషి ఆ స్థాయిలో పాఠాలు చెప్పడం అప్పటికి కొత్త. తర్వాత యూరప్ వెళ్లి చదువుకుంది. 1885లో ఏథెన్స్‌లోని అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్‌లో చేరింది. అందులో చేరిన మొదటి మహిళ ఆమే. అప్పటికి వయసు ముప్పై అయిదు దగ్గర. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాతా చేసుకోలేదు.

చీరకొంగులాంటి సమస్యే

1885లోనే, యూరప్‌లో తిరుగుతున్నప్పుడు, స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ కొండను చూసింది. 4,478 మీటర్ల ఎత్తు. నిలువుగా, కత్తి మొనలా ఉంటుంది. ఎప్పటికైనా దీన్ని ఎక్కాల్సిందేనని ఆ రోజే మనసులో అనుకుంది. అనుకున్నది నెరవేరడానికి పదేళ్లు పట్టింది. ఈ మధ్యలో ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది, 1888లో కాలిఫోర్నియాలోని షాస్తా కొండ ఎక్కి కాళ్లకు అలవాటు చేసుకుంది.

1895లో మాటర్‌హార్న్ ఎక్కింది. వయసు నలభై నాలుగు. ఆ కొండ ఎక్కిన మొదటి మహిళ ఆమె కాదు. 1871లోనే లూసీ వాకర్ అనే ఇంగ్లిషు వనిత ఎక్కింది, అదీ పొడుగు గౌనుతో. ఆడవాళ్లలో యానీది మూడో స్థానం. మరి ఊరంతా యానీ గురించే ఎందుకు మాట్లాడుకున్నట్టు? ఆమె వేసుకున్న బట్టల వల్ల! మోకాళ్ల దాకా ఉండే ప్యాంటు, తుంటి దాకా ఉండే చొక్కా, ఉన్ని మేజోళ్లు, గట్టి బూట్లు, తలకు టోపీ. పాదాల దాకా గౌను లేకుండా ఆడది కనబడటమే తప్పనుకునే రోజులవి. ఆమె కొండ ఎక్కిన సంగతి పక్కకు పోయి, ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవచ్చా అని పత్రికల్లో వాదనలు నడిచాయి.

తమాషా చూడండి. ఏ బట్టల మీద అంత గొడవ జరిగిందో, ఆ బట్టల్లో తీసిన ఆమె ఫొటోనే సింగర్ కుట్టుమిషను కంపెనీ తర్వాత తన మిషన్లతో పాటు ఇచ్చింది. ఇంట్లో కూచుని గౌన్లు కుట్టుకునే ఆడవాళ్ల చేతికి ప్యాంటు వేసుకున్న యానీ చేరిందన్నమాట!

ఇది చదువుతుంటే నాకు మా ఊరి సంగతి గుర్తొచ్చింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూమి లోపలి బాయిల్లో పనికి పెట్టకూడదంది. 2019లో గానీ, కొన్ని షరతులతో, ఆ తలుపు తెరవలేదు. బాయిలోకి దిగాలన్నా, కొండ ఎక్కాలన్నా ఆడదాని ముందు నిలబడేది మొదట చట్టమో, ఊరి మాటో. ఆ తర్వాతే గాలి, చీకటి, మంచు. నా మటుకు నేను చీర తప్ప వేరే కట్టి ఎరగను. ఒకసారి పంజాబీ డ్రెస్సు కుట్టించుకుని, నలుగురూ ఏమంటారోనని పెట్టెలో దాచుకున్నదాన్ని. యానీ ప్యాంటు నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

చేతిలో డబ్బులేని సాహసం

కొండలెక్కడం అప్పట్లో జమీందార్ల సరదా. యానీకి ఆస్తి లేదు, వెనకాల డబ్బు పెట్టే భర్త లేడు. ఉపన్యాసాలే ఆమెకు తిండి పెట్టాయి. మొదట గ్రీకు శిల్పాల గురించి, తర్వాత తానెక్కిన కొండల గురించి ఊరూరా తిరిగి, తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడేది. టికెట్ల మీద వచ్చిన డబ్బుతో మళ్లీ కొండకు పోయేది. చాలకపోతే పత్రికల వాళ్లను, స్నేహితులను, ముక్కూ మొహం తెలియని ధనవంతులను కూడా అడిగేది. అడగడానికి సిగ్గుపడలేదు.

1897లో ఒక న్యూయార్క్ పత్రిక సాయంతో మెక్సికో వెళ్లి పొపొకాటెపెట్ల్, ఒరిజాబా అనే రెండు అగ్నిపర్వతాలు ఎక్కింది. ఒరిజాబా ఎత్తు 5,636 మీటర్లు. 1902లో అమెరికన్ అల్పైన్ క్లబ్ పుట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఆమె ఒకతె.

ఇక ఆమె మనసు ఒకదాని మీద పడింది. మగవాడెవడూ ఇంతవరకు కాలు పెట్టని చోట తాను నిలబడాలి. 1903లో, మళ్లీ 1904లో బొలీవియాలోని ఇల్లంపు కొండ మీదకు వెళ్లింది. రెండుసార్లూ సగంలోనే దిగాల్సి వచ్చింది. వెంట వచ్చినవాళ్లు ముందుకు నడవమని మొండికేశారు. ఆడదాని మాట వినాలా అన్న బింకం కొంత, నిజమైన భయం కొంత. అక్కడినుంచి చూపు పెరూ వైపు, హువాస్కరాన్ వైపు తిప్పింది. 1904లో ప్రయత్నించింది, కాలేదు. 1906లో మళ్లీ వచ్చింది, కాలేదు. ప్రతిసారీ అప్పు, ప్రతిసారీ ఓటమి, ప్రతిసారీ మళ్లీ ఉపన్యాసాలు.

మనలో ఎంతమందిమి రెండోసారి ఓడిపోయాక మూడోసారి డబ్బు అడగగలం?

ఆ సెప్టెంబర్ 2వ తేదీ

1908లో యానీకి కాస్త కాలం కలిసొచ్చింది. ఒక పత్రిక డబ్బు సర్దింది. ఈసారి స్విట్జర్లాండ్ నుంచి ఇద్దరు గైడ్లను పిలిపించుకుంది. రుడాల్ఫ్ టౌగ్వాల్డర్, గాబ్రియెల్ జుమ్‌టౌగ్వాల్డ్. కొండకింద యుంగై అనే ఊరు ఉంది. అక్కడ కూలీలను మాట్లాడుకుని ఆగస్టులో బయల్దేరారు. గైడుకు పైన గాలి చాలక జబ్బు చేసింది. శిఖరం అందకుండానే దిగొచ్చారు.

పది రోజులు విశ్రాంతి తీసుకున్నారో లేదో, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె వేసుకున్న ముఖం తొడుగు గురించి చెప్పాలి. ఉన్నితో అల్లిన ఆ తొడుగు మీద మీసాలు గీసి ఉన్నాయి. ఊళ్లో దొరికింది అదొక్కటే. కాబట్టి అమెరికా ఖండాల్లోని అతి పెద్ద కొండల్లో ఒకదాన్ని యానీ మీసాలతో ఎక్కింది!

నవ్వులాటంతా అంతే. ఆ తర్వాతంతా కష్టమే. నిలువు మంచుగోడల మీద గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ పోవాలి. చలిగాలికి చేతితొడుగు ఎగిరిపోయింది. శిఖరం దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అక్కడ యానీ ఒక పని పెట్టుకుంది. కొండ ఎత్తు కొలవాలి.

ఎలా కొలుస్తారో తెలుసా? నీళ్లు మరగబెట్టి! ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఎంత వేడికి మరిగాయో చూస్తే ఎంత ఎత్తులో ఉన్నామో లెక్క తెలుస్తుంది. మన వంటింటి లెక్కే. కొండ ఊళ్లలో కుక్కర్ లేకుండా పప్పు ఉడకకపోవడానికి కారణమూ ఇదే. కానీ ఆ గాలిలో అగ్గిపుల్ల వెలిగితేగా! ఎంత ప్రయత్నించినా స్టవ్ అంటుకోలేదు. ఆమె, గాబ్రియెల్ ఆ తంటాలు పడుతుండగా రుడాల్ఫ్ తనపాటికి తాను ముందుకు పోయి శిఖరం మీద అడుగుపెట్టి వచ్చాడు. నాలుగేళ్లుగా కలలు కన్న చోట మొదటి అడుగు తనది కాలేదు. డబ్బు తనది, పట్టుదల తనది, ఆఖరి నాలుగు అడుగులు మరొకరివి. యానీకి ఆ బాధ చాలాకాలం పోలేదు.

అయినా ఎక్కింది. దిగేటప్పటికి చీకటి పడింది. మంచు మీద పదేపదే జారింది. నడుముకు కట్టిన తాడు, గాబ్రియెల్ నిలకడ, ఈ రెండూ ముగ్గురి ప్రాణాలూ కాపాడాయి.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. రుడాల్ఫ్ చేతులు, కాళ్లు చలికి కొరుక్కుపోయాయి. ఒక చేతిలో చాలా భాగం, రెండో చేతి వేలొకటి, ఒక పాదంలో సగం తీసేయాల్సి వచ్చింది. గైడుకు చేతులూ కాళ్లే కదా బతుకుతెరువు! యానీ పేరు పత్రికల్లో మార్మోగింది. అతను కుంటుకుంటూ ఇల్లు చేరాడు. బొగ్గు బాయిల ఊళ్లో ఇన్నేళ్లున్నదాన్ని, ఈ లెక్క నాకు కొత్త కాదు. ఒక్క టన్ను ఎక్కువ తీసిన రోజు బోర్డు మీద రాస్తారు. ఆ రోజు ఎవరి వేలు పోయిందో ఆ ఇంటి ఆడవాళ్లే గుర్తుపెట్టుకుంటారు.

రుడాల్ఫ్ ముందుగా శిఖరం తొక్కినందుకు యానీతో పాటు నాకూ కష్టమనిపించిన మాట నిజమే. కానీ అతను పోగొట్టుకున్నదాని ముందు అది ఎంత?

ఇద్దరు ఆడవాళ్ల పోటీ

ఎత్తు కొలవలేకపోవడం యానీకి పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. తన అంచనా ప్రకారం ఆ శిఖరం 24,000 అడుగుల దాకా ఉండొచ్చని చెప్పింది. అదే నిజమైతే ప్రపంచంలో ఆడవాళ్లలో అందరికంటే ఎత్తుకు ఎక్కిన ఘనత ఆమెదే.

ఆ మాట ఇంకొక అమెరికన్ వనితకు నచ్చలేదు. ఆమె ఫానీ బులక్ వర్క్‌మన్. బాగా డబ్బున్న మనిషి. భర్తతో కలిసి మన దేశమంతా సైకిలు మీద తిరిగింది. 1906లో మన లడఖ్ ప్రాంతపు నున్‌కున్ కొండల్లో పినకిల్ పీక్ అనే శిఖరం ఎక్కింది. దాని ఎత్తు 6,930 మీటర్లు. ఆ రికార్డు తనదేనని నిరూపించడానికి ఆమె సొంత డబ్బుతో సర్వేయర్లను పెరూ పంపించి హువాస్కరాన్‌ను కొలిపించింది. లెక్క తేలింది. ఉత్తర శిఖరం 21,812 అడుగులే, అంటే 6,648 మీటర్లు. దక్షిణ శిఖరం అంతకంటే ఎత్తు. రికార్డు ఫానీదే.

ఆ కొలతకు ఫానీ పెట్టిన ఖర్చు 13,000 డాలర్లు. యానీ ఆ కొండ ఎక్కడానికి పెట్టిన ఖర్చు దాదాపు 3,000. ఎక్కడానికి అయిన ఖర్చుకు నాలుగింతలు కొలవడానికి అయిందన్నమాట! ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఇద్దరూ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం నిలబడ్డవాళ్లు. అయినా ఒకరి మీద ఒకరికి పడలేదు. మగవాళ్లు పోటీపడితే శౌర్యం, ఆడవాళ్లు పోటీపడితే తగువు అంటారు గానీ, నా కంటికి ఇద్దరూ సమఉజ్జీలుగానే కనబడ్డారు. యానీ లెక్క తప్పింది. ఫానీ లెక్క నిజం. అది ఒప్పుకున్నందువల్ల యానీ ఎక్కిన కొండ ఒక్క అంగుళం కూడా తగ్గదు.

అరవయ్యో ఏట జెండా

1911లో యానీ మళ్లీ పెరూ వెళ్లింది. వయసు అరవై. ఈసారి కొరొపూనా అనే కొండ. దాని శిఖరాల్లో ఒకదాని మీద ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని రాసిన జెండా నాటింది. అమెరికాలో ఆడవాళ్లందరికీ ఆ హక్కు రాజ్యాంగ సవరణతో వచ్చింది 1920లో. అంటే ఆ జెండా నాటిన తొమ్మిదేళ్లకు.

అదే 1911లో తన అనుభవాలతో పెద్ద పుస్తకం రాసింది. తర్వాత దక్షిణ అమెరికా వెళ్లే ప్రయాణికుల కోసం ఒకటి, అక్కడి వ్యాపారాల గురించి ఒకటి రాసింది. 1928లో లిమా నగరపు భౌగోళిక సంఘం హువాస్కరాన్ ఉత్తర శిఖరానికి ఆమె పేరు పెట్టింది. 1929లో, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, విమానాల్లో దక్షిణ అమెరికా చుట్టి రావడం మొదలుపెట్టింది. విమానం ఎక్కడమే వింత అయిన రోజుల్లో ఏడు నెలల పాటు 20,000 మైళ్లు తిరిగి, దానిమీద ఇంకో పుస్తకం రాసింది. ఎనభై రెండేళ్లకు అమెరికాలోని మాడిసన్ అనే కొండ ఎక్కింది. అదే ఆఖరిది.

1935లో ప్రపంచయాత్రకు బయల్దేరింది. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ గుట్ట ఎక్కుతుంటే ఒంట్లో బాగాలేక వెనక్కి వచ్చేసింది. ఏభై ఏళ్ల కిందట మొదటి విద్యార్థినిగా అడుగుపెట్టిన ఊరది. ఆ ఏడాది జూలై 18న న్యూయార్క్‌లో కన్నుమూసింది. ఎనభై నాలుగేళ్లు నిండు జీవితం.

కొండకూ నెత్తురంటిన చరిత్ర

ఇంకొక్క సంగతి చెప్పకపోతే అన్యాయం. యానీ బయల్దేరిన యుంగై ఊరు ఇప్పుడు లేదు. 1970 మే 31న పెరూలో భూకంపం వచ్చింది. ఏ ఉత్తర శిఖరాన్ని యానీ ఎక్కిందో, అదే శిఖరం నుంచి మంచూ రాళ్లూ విరిగి మీదపడ్డాయి. నిమిషాల్లో ఊరు ఊరంతా మట్టికింద పోయింది. శ్మశానం గుట్ట మీదికి పరుగెత్తినవాళ్లు కొందరు బతికారు. కొత్త ఊరు పక్కన కట్టుకున్నారు. పాత ఊరు ఉన్నచోటును తవ్వకుండా సమాధిలాగే ఉంచారు. ఆ తర్వాత అయిదేళ్లకు, 1975లో, ఆ కొండలన్నిటినీ కలిపి హువాస్కరాన్ నేషనల్ పార్కు చేశారు. 3,400 చదరపు కిలోమీటర్లు. 1985లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మా ఇంటి ప్లాను

యానీ కథంతా మా ఆయనకు చెప్పాను. ఆయన బాయిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అన్నీ విని ఒక్కటే అడిగారు, అక్కడ గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమని. బాయిలో 19 శాతం కంటే తగ్గితే మనుషుల్ని ఉంచకూడదని బొగ్గుగనుల నిబంధన. కొండ మీద శాతం తగ్గదని, 21 శాతమే ఉంటుందని, గాలే పల్చబడుతుందని అమ్మాయి వివరించింది. 4,600 మీటర్ల మీద గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉండేదానిలో ఆరు పాళ్లయినా ఉండదట, పదిలో. అంటే ఒక్కొక్క ఊపిరికీ అందేది అంతే.

అప్పుడు ముగ్గురం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. మీలో ఎవరైనా పిల్లలతో అలాంటి చోటుకు పోయేదుంటే పనికొస్తుందని ఇక్కడా రాస్తున్నా.

ముందు డాక్టరుకు చూపించుకోవాలి. బీపీ, గుండె సరిగా ఉన్నాయని ఆయన అన్నాకే టికెట్లు. వెళ్లే నెల మే నుంచి సెప్టెంబర్ లోపు ఉండాలి. అక్కడ వానలుండని కాలం అది. లిమా నుంచి హువారజ్ ఊరికి బస్సులో దాదాపు ఎనిమిది గంటలు. హువారజ్ 3,050 మీటర్ల ఎత్తున ఉంది. చేరిన మర్నాడే కొండకు పరుగెత్తకూడదు. కనీసం మూడు రాత్రులు అక్కడే ఉండి, దగ్గర్లో చిన్న నడకలు నడిచి ఒంటికి అలవాటు చేయాలి.

నడిచే రోజు తెల్లవారుజామునే బండి ఎక్కాలి. యుంగై మీదుగా పైకి పోతే పార్కు గేటు. అక్కడ ఒకరోజు టికెట్టు. దాటాక ల్యాంగనూకో చెరువులు రెండు, 3,850 మీటర్ల మీద. ఇంకాస్త పైన సెబొయాపంపా అనేచోట బండి ఆగుతుంది. అక్కడినుంచి లగూనా 69 అనే చెరువుకు నడక. పోనూ రానూ 14 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. మొదట చదునుగానే ఉంటుందట. చివర్లో నిట్టనిలువు మలుపులు. మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్మడం మామూలు.

చెరో రెండున్నర లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా బట్టలు, వాన కోటు, టోపీ, ఎండకు రాసుకునే క్రీము. పొట్ట నిండా తినకూడదు, కొంచెం కొంచెం తినాలి. అందుకు మా ఇంటి సకినాలు, పల్లిపట్టీలు. బట్టల దగ్గర నేనే నోరు విప్పాను. ప్యాంటు కొనమని అమ్మాయికి చెప్పాను. మా ఆయన తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ కాగితంలో తల దూర్చారు.

ఆఖరి రెండు మాటలూ మా ఆయన రాయించినవే. బాయిలో అలవాటైన పద్ధతి. ఎక్కడున్నా మధ్యాహ్నం పన్నెండున్నరకు వెనక్కి తిరగాలి, చెరువు కనుచూపు మేరలో ఉన్నా సరే. ఎవరికి తలనొప్పి తగ్గకుండా వచ్చినా, వాంతయినా, అడుగు తడబడినా అందరూ కలిసి దిగాలి, ఒక్కరిని కూర్చోబెట్టి మిగతావాళ్లు ముందుకు పోకూడదు. యానీ కాగితం మీద ఈ రెండు ముక్కలు ఉంటే రుడాల్ఫ్ వేళ్లు మిగిలేవేమో!

కాళ్లకు అలవాటు కోసం పొద్దున్నే కాలనీ రోడ్డు మీద గంటసేపు నడుస్తున్నాను. పోయిన ఆదివారం రామగిరి ఖిల్లా ఎక్కుదామని బయల్దేరాం. వద్దని అన్న మా ఆడపడుచు కూడా వెంట వచ్చింది. సగం ఎక్కేసరికి ఆమెకు మోకాలు పట్టేసింది. తాను కూర్చుంటానని, మీరు పోయి రండని అంది. నాకు మంచి ఊపు మీద ఉంది. పైన కోట కనబడుతోంది. పిల్లతో ఫోన్లో గొప్పగా చెప్పుకోవాలనీ ఉంది.

ఒక్క నిమిషం నిలబడ్డాను. తర్వాత వదినె చెయ్యి పట్టుకుని కిందికి దిగాను. ఖిల్లా ఎక్కడికీ పోదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఆమె మోకాలికి పట్టీ కట్టుకుని వస్తానంది.